హైదరాబాద్ నుంచి డాలస్: దూరం లెక్కన 16 గంటలు, టికెట్టులో 22 గంటల 40 నిమిషాలు. ఎందుకు?

హనుమకొండ విశ్రాంత ఉద్యోగి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో ఉంటున్నారు. అమ్మాయి పురిటికి సాయంగా నేనూ నా భార్యా జూలైలో అక్కడికి బయలుదేరి డిసెంబరులో తిరిగి రావలసి ఉంది. నాకు 67 ఏళ్లు, ఆవిడకు 63. ఆవిడకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఒకే చోట రెండు గంటలు కూర్చుంటే లేవడానికి ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. అందుకే టికెట్టు ధర కన్నా ముందు ప్రయాణం ఎన్ని గంటలన్నదే నన్ను ఆలోచింపజేస్తోంది.

దూరాలు చూపే ఒక వెబ్‌సైటులో శంషాబాద్ విమానాశ్రయం నుంచి డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయానికి దాదాపు 14,420 కిలోమీటర్లని ఉంది. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుందనుకుంటే 16 గంటలు సరిపోవాలి. అల్లుడు పంపిన టికెట్టు ప్రకారం మాత్రం దుబాయ్ మీదుగా వెళ్లడానికి 22 గంటల 40 నిమిషాలు, తిరిగి రావడానికి 21 గంటలు. దారి ఒకటే అయినప్పుడు రాకకూ పోకకూ ఈ తేడా ఎందుకో, దుబాయ్ మీదుగా పోతే ఎంత చుట్టు తిరుగుతున్నామో, అసలు నేరుగా పోయే విమానం ఎందుకు లేదో నాకు బోధపడలేదు. ఇంకొక సందేహం కూడా ఉంది. గోడకున్న ప్రపంచ పటం మీద స్కేలు పెట్టి చూస్తే దారి అరేబియా, ఉత్తర ఆఫ్రికా, అట్లాంటిక్ సముద్రం మీదుగా పోతున్నట్టుంది. ఆ వెబ్‌సైటు గీసిన గీత మాత్రం ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతోంది. ఈ రెండింటిలో దేన్ని నమ్మాలి? తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

భూగోళం మాస్టారు

నమస్కారమండీ. చివరి సందేహంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ తక్కిన ప్రశ్నలకు జవాబులు చాలావరకు అందులోనే ఉన్నాయి. వెబ్‌సైటు గీసిన గీతే నిజం. గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీదికి తెచ్చేటప్పుడు ధ్రువాల వైపున్న ప్రాంతాలు బాగా సాగిపోతాయి. గ్రీన్‌లాండ్ కన్నా ఆఫ్రికా దాదాపు 14 రెట్లు పెద్దదైనా గోడ పటంలో రెండూ సమానంగా కనిపించడానికి కారణం ఇదే. అటువంటి పటం మీద స్కేలు పెట్టి గీసిన గీత భూమి మీద దగ్గరి దారి కాదు.

బడిలో నేను పిల్లలకు ఇది చెప్పవలసి వచ్చినప్పుడల్లా గ్లోబు మీద ఒక దారం పట్టించేవాణ్ణి. మీ ఇంట్లో గ్లోబు ఉంటే ఒకసారి చేసి చూడండి. దారం ఒక కొసను హైదరాబాద్ మీద, రెండో కొసను డాలస్ మీద పెట్టి బిగించి లాగితే అది తనంతట తానే పైకి జరిగి ధ్రువం దగ్గరికి పోతుంది. దీనికి కారణం రేఖాంశాల్లో ఉంది. శంషాబాద్ 78.4 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటే డాలస్ 97 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉంది. రెండూ కలిపితే 175 డిగ్రీలు దాటుతుంది. సరిగ్గా 180 అయి ఉంటే దగ్గరి దారి ధ్రువం మీదుగానే పోయేది. నాలుగైదు డిగ్రీలు తగ్గింది కనుక ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల పక్కనుంచి పోతుంది. ఆ దారి శంషాబాద్‌లో లేచినప్పటి నుంచి దాదాపు నేరుగా ఉత్తరానికే సాగుతుంది. ఢిల్లీ, కారకోరం పర్వతాలు, కిర్గిజ్‌స్తాన్, కజక్‌స్తాన్, సైబీరియా దాటి ఆర్కిటిక్ మహాసముద్రంలోకి పోయి, అవతలి వైపు కెనడాలోని హడ్సన్ అఖాతం, మిన్నెసోటా, కాన్సస్, ఓక్లహోమాల మీదుగా దక్షిణానికి దిగుతుంది. మీరు రాసిన 14,420 కిలోమీటర్లు ఈ దారి పొడవే. కొన్ని వెబ్‌సైట్లు దీన్నే 8,960 మైళ్లని, విమానాల వాళ్లు సుమారు 7,790 నాటికల్ మైళ్లని చెబుతారు. సంఖ్యలు వేరైనా దూరం ఒకటే.

ఇక చుట్టు సంగతి. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి దాదాపు 2,545 కిలోమీటర్లు, దుబాయ్ నుంచి డాలస్‌కు దాదాపు 12,920. మొత్తం 15,465. అంటే నేరుగా పోయేదాని కన్నా వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే ఎక్కువ. తక్కిన దారులు కూడా నేను లెక్క కట్టి చూశాను. లండన్ మీదుగా సుమారు 15,380, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 15,375, దోహా మీదుగా 15,655 వచ్చాయి. ఒకదానికొకటి వందల నుంచి వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊళ్లలో ఎక్కడ ఆగినా మొత్తం దూరం మూడు వందల కిలోమీటర్ల లోపే మారడం మొదట నమ్మశక్యంగా అనిపించదు. భూమి మీద ఒక చోటికి సరిగ్గా అడుగున ఉన్న చోటు దాదాపు 20,000 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, అక్కడికి ఏ దిక్కుగా పోయినా దూరం ఒకటే. డాలస్ మనకు సరిగ్గా అడుగున లేకపోయినా అందులో దాదాపు మూడు వంతుల దూరంలో ఉంది. అవతలి వైపుకు పోయేకొద్దీ దారి మారడం వల్ల పడే చుట్టు తగ్గుతూ వస్తుంది. కనుక ఏ ఊరి మీదుగా పోవాలన్న నిర్ణయానికి కిలోమీటర్లను ఆధారం చేసుకోనక్కరలేదు. గంటల లెక్క నాకు అంతగా తెలియదు, విమానాల్లో అనుభవం ఉన్నవారు చెప్పాలి.

విమాన డిస్పాచ్‌లో పనిచేసినవాడిని

మాస్టారు దూరం సంగతి పూర్తిగా చెప్పారు కనుక నేను కాలం సంగతి చెబుతాను. విమానం ఏ రోజు ఏ దారిన పోవాలి, ఎంత ఇంధనం నింపుకోవాలి అన్నది లెక్కగట్టే విభాగంలో నేను చాలా ఏళ్లు పనిచేశాను. మీరు అడిగిన తేడాలు మేము రోజూ చూసేవే.

ముందుగా ఒక మాట. టికెట్టు మీద కనిపించే కాలం విమానం గాలిలో ఉండే కాలం కాదు. గేటు నుంచి వెనక్కి కదిలినప్పటి నుంచి అవతలి ఊళ్లో గేటు దగ్గర ఆగేదాకా పట్టే కాలం అది. రన్‌వే దాకా పోవడం, వరసలో నిలబడడం, దిగాక గేటు దొరికే వరకు ఆగడం, అప్పుడప్పుడూ జరిగే ఆలస్యాలకు సంస్థ ముందే కలుపుకొన్న కొన్ని నిమిషాలు, ఇవన్నీ అందులోనే ఉంటాయి. మీ 22 గంటల 40 నిమిషాలను విడదీస్తే, ఆ దారిలో మామూలుగా ఉండే సమయాలను బట్టి, దుబాయ్‌కి సుమారు 4 గంటలు, అక్కడ ఆగేది రెండున్నర గంటల లోపు, డాలస్‌కు 16 గంటల పావు దాకా అవుతుంది.

రాకపోకల తేడాకు కారణం గాలి. విమానాలు ఎగిరే ఎత్తున, అంటే దాదాపు 10 నుంచి 12 కిలోమీటర్ల పైన, మన అర్ధగోళంలో పడమర నుంచి తూర్పుకు బలమైన గాలి వీస్తూ ఉంటుంది. జెట్ స్ట్రీమ్ అనే ఆ ప్రవాహంలో గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటడం అరుదేమీ కాదు. మీరు చెప్పిన 900 కిలోమీటర్ల వేగం విమానం తన చుట్టూ ఉన్న గాలిని చీల్చుకుంటూ పోయే వేగం; నేల మీద ఎంత దూరం గడిచిందన్నది ఆ గాలి ఎటు వీస్తోందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఏటికి ఎదురు పోయే పడవకూ, ఏటి వాలున పోయే పడవకూ ఉన్న తేడా ఇక్కడా ఉంది. దారి పొడుగునా సగటున గంటకు 50 కిలోమీటర్ల ఎదురుగాలి ఉందనుకోండి, దుబాయ్ నుంచి డాలస్‌కు 12,920 కిలోమీటర్లు గంటకు 850 చొప్పున పోతే 15 గంటల పైన పడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తే గంటకు 950 చొప్పున 13 గంటల 40 నిమిషాలు కూడా పట్టదు. ఒక్క గాలి వల్లనే గంటన్నర తేడా వచ్చింది. దీనికి నేల మీది సమయమూ, అసలు దారిలోని వంకరలూ కలిపితే టికెట్టులో 16 గంటల పావు, 14 గంటల 30 నిమిషాలు కనబడతాయి. హైదరాబాద్, దుబాయ్‌ల మధ్య కూడా పోవడానికి 4 గంటలు, రావడానికి 3 గంటల 20 నిమిషాలు ఉండడం ఇందువల్లనే. జెట్ స్ట్రీమ్ చలికాలంలో మరింత బలంగా ఉంటుంది కనుక డిసెంబరులో మీ తిరుగు ప్రయాణం టికెట్టులో చూపిన దాని కన్నా కొద్దిగా ముందే ముగిసినా ఆశ్చర్యం లేదు.

దారిలో వంకరలు ఎందుకు పడతాయంటే, పటం మీద దగ్గరి దారి ఆకాశంలో ఎప్పుడూ తెరిచి ఉండదు. మాస్టారు చెప్పిన కారకోరాన్నే తీసుకోండి. విమానం లోపలి గాలి ఒత్తిడి హఠాత్తుగా పడిపోతే పది వేల అడుగుల దాకా, అంటే మూడు కిలోమీటర్ల ఎత్తుకు, వెంటనే దిగాలి. పైనుంచి జారే మాస్కుల్లో ఆక్సిజన్ కొద్ది నిమిషాలకే సరిపోతుంది. కింద ఏడెనిమిది కిలోమీటర్ల ఎత్తు శిఖరాలుంటే దిగడానికి చోటెక్కడ? అందుకే ఆ కొండల మీదుగా, టిబెట్ మీదుగా పోయే దారులను వీలైనంతవరకు తప్పిస్తాం. దీనికి తోడు దేశాల మధ్య తగాదాలు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, యూరప్ సంస్థలకు రష్యా గగనతలం మూతపడింది. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ భారతీయ సంస్థల విమానాలకు తన గగనతలాన్ని మూసివేయగా, ఆ నెలాఖరున మన దేశం కూడా పాకిస్తాన్ విమానాలకు మూసివేసింది. ఆ తర్వాత ఢిల్లీ నుంచి అమెరికాకు నేరుగా పోయే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని ఇంధనం కోసం వియన్నాలోనో కోపెన్‌హాగన్‌లోనో దిగవలసి వచ్చింది. అదే ఏడాది జూన్ 23న ఖతర్ తన గగనతలాన్ని కొన్ని గంటల పాటు మూసివేసినప్పుడు దోహాకు పోవలసిన విమానాలు ఎక్కడివక్కడ చెదిరిపోయాయి. గల్ఫ్ మీదుగా పోతున్నప్పుడు బయలుదేరే వారం వార్తలు చూసుకోవడం మంచిది.

నేరుగా విమానం ఎందుకు లేదన్నారు. విమానాలకు ఆ శక్తి లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని 18 గంటలకు పైగా ఆగకుండా ఎగిరి చేరుతున్నారు; మీరు వెళ్లే డాలస్ నుంచే సిడ్నీకి దాదాపు 13,800 కిలోమీటర్లు నేరుగా పోయే విమానం ఉంది. హైదరాబాద్‌కు కూడా ఒకసారి అటువంటి అవకాశం వచ్చింది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా బోయింగ్ 777 విమానంతో షికాగోకు వారానికి ఒకసారి నేరుగా నడిపింది. అది దాదాపు 13,280 కిలోమీటర్ల దారి. ఎక్కువ కాలం సాగలేదు. ఇంత దూరం పోవాలంటే ఇంధనమే వంద టన్నులు దాటుతుంది. మొదటి గంటల్లో కాలే ఇంధనంలో కొంత భాగం చివరి గంటల ఇంధనాన్ని మోయడానికే ఖర్చవుతుంది. పైగా శంషాబాద్ సముద్ర మట్టానికి 600 మీటర్ల పైన ఉంది. మే నెల ఎండలో గాలి పలచబడినప్పుడు, 4,260 మీటర్ల రన్‌వే ఉన్నా, నిండు బరువుతో లేవడం కష్టం. కొన్ని సీట్లు ఖాళీగా వదలాలి. ఆ ఖాళీ సీట్ల ఖర్చును భరించగలిగేటంత ధర పెట్టి ఏడాది పొడుగునా ఎక్కేవారుండాలి. డాలస్‌లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చూస్తే ఆ రోజు రావాలనే నేను మనసారా కోరుకుంటాను.

ఇర్వింగ్ నుంచి ఒక కోడలు

బాబాయి గారూ, నేను డాలస్ విమానాశ్రయానికి పావుగంట దూరంలో ఉంటాను. మా అత్తయ్య, మామయ్య రెండుసార్లు వచ్చారు, మొదటిసారి గల్ఫ్ మీదుగా, రెండోసారి లండన్ మీదుగా. పెద్దలిద్దరూ దూరం విషయం చక్కగా వివరించారు కానీ, పిన్ని గారి మోకాళ్లను దృష్టిలో పెట్టుకుంటే మీరు చూడవలసింది మొత్తం గంటలు కూడా కాదని నా అభిప్రాయం. ఆ గంటలు ఎలా విడిపోయాయన్నది చూడాలి. దుబాయ్ మీదుగా అయితే 4 గంటలూ, 16 గంటలూ. లండన్ మీదుగా అయితే దాదాపు పదిన్నర గంటల చొప్పున రెండు విమానాలు. గాలిలో ఉండే కాలం రెండింటిలోనూ ఇంచుమించు సమానమే. అయితే అత్తయ్యకు మొదటిసారి ఆ 16 గంటల విమానంలో పదో గంట దాటాక పాదాలు చెప్పుల్లో పట్టనంతగా వాచిపోయాయి, ఇంటికి వచ్చాక వాపు తగ్గడానికి మూడు రోజులు పట్టింది. రెండోసారి లండన్‌లో దిగి, మూడు గంటలు అటూ ఇటూ నడిచి, వేడిగా ఇంత తిని, మళ్లీ ఎక్కడం వల్ల అంత ఇబ్బంది పడలేదు.

లండన్‌లో కూడా కష్టాలు లేకపోలేదు. భద్రతా తనిఖీ మళ్లీ చేస్తారు, టెర్మినల్ మారవలసి వస్తే బస్సు ఎక్కాలి. టికెట్టు కొనేటప్పుడే వీల్‌చెయిర్ అడిగి పెట్టుకుంటే ఈ రెండూ తేలికవుతాయి. ఆవిడ కాస్త నడవగలరు కదా అని మొహమాటపడవద్దు. గల్ఫ్ దారిలో ఉన్న సుఖం ఏమిటంటే, మొదటి విమానంలో మన ఊళ్లవాళ్లే చాలామంది ఉంటారు, తెలుగులో మాట్లాడుకునే తోడు దొరుకుతుంది. పెద్దవాళ్లకు అది చిన్న విషయం కాదు.

మధ్యలో ఆగే సమయం గురించి మాత్రం గట్టిగా చెబుతాను. నేను ఒకసారి పిల్లవాడితో వస్తూ, మధ్యలో 1 గంట 10 నిమిషాలే ఉన్న టికెట్టు కొన్నాను. మొదటి విమానం 40 నిమిషాలు ఆలస్యమైంది, రెండోది వెళ్లిపోయింది, మరుసటి రోజు దాకా ఆ విమానాశ్రయంలోనే ఉండవలసి వచ్చింది. ఆ రాత్రి ఎత్తుకున్న పిల్లవాడితో నేను పడ్డ అవస్థ పెద్ద వయసువారెవరూ పడకూడదు. మీ టికెట్టులో రెండున్నర గంటల లోపు ఉందన్నారు. వీల్‌చెయిర్ ఎప్పుడూ అందరి తరువాతే కదులుతుంది కనుక నేనైతే మూడు గంటలకు తగ్గనివ్వను. మొత్తం కాలం గంట పెరిగినా పరవాలేదు.

హనుమకొండ విశ్రాంత ఉద్యోగి

ముగ్గురికీ నా కృతజ్ఞతలు. మాస్టారు చెప్పినట్టు పక్కింటి పిల్లల గ్లోబు తెచ్చి దారం పెట్టి చూశాను. చెప్పింది చెప్పినట్టే దారం ధ్రువం పక్కకు జరిగింది. నా భార్యకు కూడా చూపించాను. ఇర్వింగ్ అమ్మాయి సలహా ఆవిడకు బాగా నచ్చింది, లండన్ టికెట్టు చూడమని అల్లుడికి చెప్పాం. ఇక ఒక్క సందేహం. దుబాయ్ టికెట్టులో రాత్రి 9:45కు బయలుదేరి మరుసటి ఉదయం 9:55కు చేరుతామని ఉంది. పైకి పన్నెండు గంటలలాగే కనబడే ఈ సమయాల నుంచి 22 గంటల 40 నిమిషాలు ఎలా వచ్చాయి? లండన్ టికెట్టు వచ్చాక నేనే లెక్క వేసుకోవాలని అడుగుతున్నాను.

విమాన డిస్పాచ్‌లో పనిచేసినవాడిని

టికెట్టు మీద ప్రతి సమయమూ ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది. జూలైలో డాలస్ మన కన్నా పదిన్నర గంటలు వెనక. మీరు చెప్పిన రెండు సమయాల మధ్య 12 గంటల 10 నిమిషాలున్నాయి, దానికి పదిన్నర గంటలు కలపండి, సరిగ్గా 22 గంటల 40 నిమిషాలు వస్తాయి. తిరుగు ప్రయాణంలో కలపడానికి బదులు తీసివేయాలి. కానీ అప్పుడు తీసివేయవలసింది పదిన్నర కాదు. అక్కడ నవంబరు మొదటి ఆదివారం నాడు గడియారాలను గంట వెనక్కి జరుపుతారు కనుక డిసెంబరులో తేడా పదకొండున్నర గంటలవుతుంది. మధ్యాహ్నం 12 గంటలకు డాలస్‌లో బయలుదేరి మరుసటి రోజు రాత్రి 8:30కు హైదరాబాద్ చేరితే గడియారాల మధ్య 32 గంటల 30 నిమిషాలు, అందులో పదకొండున్నర పోగా మిగిలేది 21 గంటలు. మధ్యలో లండన్‌లో ఆగినా, ఇంకెక్కడ ఆగినా ఈ లెక్క మారదు. మొదటి ఊరి సమయం, చివరి ఊరి సమయం చూసుకుంటే చాలు.